పాఠకుణ్ణి వెనక్కి నడిపించే ఇంగ్లీషు తప్పులు

ఇతరులు రాసిన ఇంగ్లీషు పత్రాలను అచ్చుకు వెళ్లేముందు చదివి దిద్దడం నా వృత్తి. కొన్నేళ్ల కిందట ఒక చిన్న ప్రకటన నా చేతుల మీదుగా వెళ్లింది. పాత ఫారాలను ఇకపై తీసుకోబోమని చెప్పడమే దాని ఉద్దేశం కాబట్టి ఆ వాక్యంలో ‘నాట్’ అనే మాట ఉండాలి. టైపు చేసినవారి వేలు జారి చివరి టీ స్థానంలో డబ్ల్యూ పడింది, ‘నాట్’ కాస్తా ‘నౌ’ అయింది. పాత ఫారాలను ఇప్పుడు తీసుకుంటామని అర్థం మారిపోయింది. నేను ఆ ప్రకటనను మూడుసార్లు చదివాను. చెప్పదలచుకున్నది ఏమిటో నాకు ముందే తెలుసు గనుక, మూడుసార్లూ అక్కడ లేని ‘నాట్’నే చదువుకున్నాను. కంప్యూటర్ కూడా దాని కింద ఎర్ర గీత గీయలేదు, ఎందుకంటే ‘నౌ’ నిఘంటువులో ఉన్న మంచి మాటే. తప్పును పట్టుకున్నది పాత ఫారం నింపుకుని వచ్చి, కౌంటరు దగ్గర తిరస్కారం విని, ప్రకటన కాగితాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డ ఒక మనిషి.

ఆ రోజు నుంచి తప్పుల విషయంలో నా కొలత మారింది. అంతకుముందు నిఘంటువుకు, వ్యాకరణ పుస్తకానికి ఏది విరుద్ధంగా ఉంటే అదల్లా నాకు పంటి కింద రాయిలాగే తగిలేది. ఇప్పుడు ఒక తప్పు కనబడగానే, దీనివల్ల చదివేవాడు ఎంత దూరం వెనక్కి నడవాల్సి వస్తోంది అని అడుగుతాను. రాసేవాడు చేయాల్సిన పని చదివేవాడి నెత్తిన పడితే ఆ తప్పు మీద చిరాకు న్యాయమైనదని నేను నమ్ముతాను. అలా పడనప్పుడు ఆ చిరాకు ఎక్కడి నుంచి వస్తోందో మనల్ని మనమే తరచి చూసుకోవాలి.

చదివేవాణ్ణి అందరికంటే ఎక్కువగా వెనక్కి తిప్పేవి ఒకే ధ్వనితో వేర్వేరుగా రాసే మాటలు. ‘దేర్’ అన్న ధ్వనికి ఇంగ్లీషులో మూడు రాతలున్నాయి. అక్కడ అని చెప్పడానికి ఒకటి, వాళ్లది అని చెప్పడానికి ఒకటి, వాళ్లు ఫలానా అని చెప్పడానికి అపాస్ట్రఫీతో, అంటే అక్షరం పైన పెట్టే కామా లాంటి గుర్తుతో, కుదించిన రూపం ఒకటి. ‘యువర్’ దగ్గరా ఇలాంటి చిక్కే ఉంది. నీది అని చెప్పేదానికీ, నువ్వు ఫలానా అని చెప్పే కుదింపు రూపానికీ మాట్లాడేటప్పుడు చాలామంది నోట్లో తేడా ఉండదు. ఈ తప్పులను తెలుగు లిపిలో చూపించడమే కష్టం, ఎందుకంటే మన లిపి ధ్వనిని రాస్తుంది, ఆ మాటలన్నీ మన రాతలో ఒకే రూపానికి వచ్చేస్తాయి. ఇవి తెలియక జరిగే తప్పులని చాలామంది అనుకుంటారు గానీ నా అనుభవంలో అది సగమే నిజం. మూడింటి మధ్య తేడాను నిద్రలో లేపి అడిగినా చెప్పగలవారు కూడా వేగంగా రాస్తున్నప్పుడు తప్పుడు రూపం రాస్తారు. మనసులో వాక్యం మోగుతూ ఉంటుంది, చేయి ఆ మోతను పట్టుకుని అలవాటైన రూపాన్ని దించేస్తుంది. అందువల్ల ఈ తప్పు చూసి ‘ఇతనికి ఇంగ్లీషు రాదు’ అనడం తొందరపాటు, ‘ఇతను రాసింది మళ్లీ చదువుకోలేదు’ అనడం న్యాయం. నాకు కోపం తెప్పించేది కూడా రెండోదే.

ఈ కోవలో ఎక్కువమందిని బాధించేది ‘ఇట్స్’. అపాస్ట్రఫీ ఉంటే ‘ఇట్ ఈజ్’ లేదా ‘ఇట్ హాజ్’ అని, లేకపోతే ‘దానియొక్క’ అని అర్థం. పరీక్ష చాలా తేలిక. ఆ మాటను విడదీసి ‘ఇట్ ఈజ్’ అని చదివి చూడాలి, వాక్యం నిలబడితే అపాస్ట్రఫీ పెట్టాలి, కూలిపోతే తీసేయాలి. ఇంత తేలికైనదాన్ని లక్షలమంది తప్పుగా రాయడానికి కారణం బద్ధకం మాత్రమే కాదు. ఇంగ్లీషులో ఏ నామవాచకానికైనా ‘యొక్క’ అనే అర్థం కావాలంటే అపాస్ట్రఫీ, దాని తర్వాత ఎస్ చేర్చాలని బడిలో నేర్పుతారు. ఆ సూత్రాన్నే బుద్ధిగా ‘ఇట్’కు కూడా వర్తింపజేసినవాడు తప్పులో పడతాడు. ‘హిజ్’, ‘హర్స్’, ‘అవర్స్’, ‘యువర్స్’ అనే సర్వనామాల కుటుంబంలో ఎవరికీ అపాస్ట్రఫీ లేదనీ, ‘ఇట్స్’ ఆ ఇంటి మనిషేననీ చెబితే ఈ చిక్కు విడిపోతుంది. చరిత్ర చూసినా ఈ తప్పు మీద కాస్త మెత్తదనం కలుగుతుంది. ‘దానియొక్క’ అనడానికి పాత ఇంగ్లీషువారు ‘హిజ్’ అనే వాడేవారు. ‘ఇట్స్’ అనే మాట 16వ శతాబ్దం చివర్లో గానీ పుట్టలేదు, పుట్టిన తర్వాత కూడా చాలాకాలం దాన్ని అపాస్ట్రఫీతోనే రాశారు. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం పదో విభాగంలో ‘దాని తనిఖీ చట్టాలు’ అన్న అర్థంలో వచ్చే ‘ఇట్స్’కు అపాస్ట్రఫీ నిక్షేపంగా ఉంది. అదే రాజ్యాంగంలో సంతకాల చోట పెన్సిల్వేనియా రాష్ట్రం పేరులో ఒక ఎన్ తగ్గింది. ఇవాళ్టి నియమం ఇవాళ్టి పాఠకుడి కోసం పాటించాల్సిందే. అయితే అది ఆకాశం నుంచి ఊడిపడినది కాదని గుర్తుంటే, దిద్దేవాడి గొంతులో కాఠిన్యం తగ్గుతుంది.

అపాస్ట్రఫీని బహువచనానికి తగిలించడం మరో పెద్ద బాధ. ఫోటోలు అనడానికి, వీడియోలు అనడానికి ఎస్ ముందు అపాస్ట్రఫీ పెట్టేస్తారు. చివర్లో ఓ లాంటి అచ్చు ఉన్న మాటకు నేరుగా ఎస్ తగిలిస్తే అది కంటికి వింతగా కనబడుతుంది కనుక, మధ్యలో ఏదో ఒకటి ఉండాలని చేతికి అనిపిస్తుంది. బ్రిటన్‌లో ఈ తప్పుకు ‘కూరగాయల వ్యాపారి అపాస్ట్రఫీ’ అనే పేరే స్థిరపడింది. జాన్ రిచర్డ్స్ అనే విశ్రాంత పాత్రికేయుడు అపాస్ట్రఫీ సంరక్షణకంటూ అక్కడ 2001లో ఒక సంఘమే పెట్టి, 2019లో, తన 96వ ఏట, దాన్ని మూసేశారు. అన్నేళ్లు ఒక్క చిన్న గుర్తు కోసం ఓపికగా ఉత్తరాలు రాసిన ఆ మనిషి మీద నాకు గౌరవం ఉంది. ఒక గుర్తుకు ఒక పని అప్పగించాక ఆ పనికే దాన్ని ఉంచాలని కోరుకోవడంలో ఛాందసమేమీ లేదు.

ఇక ‘లూజ్’ సంగతి తెలుగువారు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది. పోగొట్టుకోవడం అనే అర్థంలో దానికి ఒకే ఓ, వదులుగా ఉండడం అనే అర్థంలో రెండు ఓలు. ఒక సంస్థ ఉద్యోగికి రాసిన ఉత్తరాన్ని నేనోసారి దిద్దాను. ‘మిమ్మల్ని పోగొట్టుకోవడం మాకు ఇష్టం లేదు’ అని ఆదరంగా రాయబోయి ‘మిమ్మల్ని వదులు చేయడం మాకు ఇష్టం లేదు’ అని రాశారు. ఇంగ్లీషువారి నోట్లో ఈ రెండింటికీ తేడా ఉంది. మొదటిదాని చివర జడ్ ధ్వని, రెండోదాని చివర ఎస్ ధ్వని. మనమో లూజు కనెక్షన్ అనీ, చొక్కా లూజు అయిందనీ జకారంతోనే పలుకుతాం కనుక మన చెవికి రెండూ ఒకటైపోయాయి. దానికి తోడు ‘చూజ్’ అనే మాట మోసం చేస్తుంది. అందులో జడ్ ధ్వనీ ఉంది, రెండు ఓలూ ఉన్నాయి. దానికి ప్రాస కుదిరే ‘లూజ్’కు కూడా రెండు ఓలు ఉండాలని ఎవరికైనా తోచడం సహజం. చాలా తప్పుల వెనక ఇలాంటి ఒక తర్కం ఉంటుంది, ఆ తర్కాన్ని చూపించి దిద్దితే తప్పు మళ్లీ రాదు.

‘కుడ్ హావ్’ అని రాయాల్సినచోట ‘కుడ్ ఆఫ్’ అని రాయడం ఇంగ్లీషే మాతృభాషగా ఉన్నవారిలో ఎక్కువ, మనలో తక్కువ. వాళ్లు దాన్ని మొదట చెవితో నేర్చుకుంటారు. కుదించి పలికినప్పుడు ‘హావ్’ కాస్తా బలహీనపడి ‘అవ్’ అవుతుంది, ‘ఆఫ్’ కూడా వేగంగా పలికితే ‘అవ్’ అనే వినబడుతుంది. మనం దాన్ని పుస్తకంలో చూసి నేర్చుకున్నాం కనుక ఈ గోతిలో పడం.

మన గోతులు వేరు. ఒక విషయం గురించి చర్చించాం అనడం తెలుగులో సహజం కనుక ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ పెట్టేస్తాం. ఇంగ్లీషులో ఆ క్రియ తన కర్మను నేరుగా తీసుకుంటుంది, మధ్యలో ‘గురించి’ అక్కర్లేదు. ‘రిటర్న్’ అనే మాటలోనే వెనక్కి అనే అర్థం ఇమిడి ఉన్నా దాని పక్కన ‘బ్యాక్’ చేరుస్తాం. ‘డిడ్ నాట్ వెంట్’ అనే తప్పు మాత్రం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది, ఎందుకంటే ఈ ఒక్కచోట తెలుగు మనల్ని సరైన దారిలోనే పెట్టాలి. వెళ్లాను అనే మాటకు వ్యతిరేకం చెప్పాల్సి వస్తే ‘వెళ్లానులేదు’ అనం, ‘వెళ్లలేదు’ అంటాం. కాలం తెలిపే రూపాన్ని పక్కన పెట్టి ‘వెళ్ల’ అనే వట్టి రూపానికి ‘లేదు’ చేరుస్తాం. ‘డిడ్ నాట్ గో’ కూడా అచ్చం అలాంటిదే. కాలం బరువును ‘డిడ్’ మోసేస్తుంది, తర్వాతి క్రియ వట్టిగా ఉండిపోతుంది. ఈ పోలిక చెప్పిన తర్వాత ఆ తప్పు మళ్లీ చేసినవారిని నేను చూడలేదు.

‘ఎ’, ‘యాన్’ల తేడా దగ్గర కూడా మన లిపి గొప్పగా సాయపడుతుంది. ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అక్షరాల ముందు ‘యాన్’ రావాలని బడిలో చెప్పిన సూత్రం సగం నిజం, ఎందుకంటే అసలు నియమం అక్షరానికి సంబంధించినది కాదు, ధ్వనికి సంబంధించినది. ఆ మాటను పలికినట్టుగా తెలుగులో రాసి చూసుకోండి. ‘అవర్’ ఇంగ్లీషు రాతలో హెచ్‌తో మొదలైనా తెలుగు రాతలో అచ్చుతో మొదలవుతుంది కనుక దాని ముందు ‘యాన్’ వస్తుంది. ‘యూనివర్సిటీ’ యుతో మొదలైనా తెలుగులో యకారమనే హల్లు ముందు నిలబడుతుంది కనుక ‘ఎ’ చాలు. ‘ఎమ్మెల్యే’, ‘ఎఫ్‌ఐఆర్’ లాంటి పొడి అక్షరాల పేర్లకు కూడా ఈ పరీక్ష చక్కగా పనిచేస్తుంది. ‘ది’ ఎక్కడ రావాలి, ఎక్కడ రాకూడదు అన్నది మాత్రం ఇంత తేలిగ్గా లొంగదు. తెలుగులో దానికి సమానమైనదే లేదు కనుక, మంచి ఇంగ్లీషును ఏళ్ల తరబడి చదవగా చదవగా అబ్బాల్సిందే తప్ప సూత్రాలతో వచ్చేది కాదు. ఆ తప్పు చూసినప్పుడు నాకు చిరాకు కలగదు, మౌనంగా దిద్దేస్తాను.

అచ్చమైన స్పెల్లింగు తప్పులలో ‘డెఫినెట్లీ’ అగ్రస్థానంలో ఉంటుంది. ఐ ఉండాల్సినచోట ఎ రాస్తారు. ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చు, అంటే పలికేటప్పుడు బరువు పడని అచ్చు, తన స్వరూపం కోల్పోయి ఒక మొద్దుబారిన ధ్వనిగా మిగిలిపోతుంది. ఎ, ఇ, ఐ, ఓ ఏదైనా సరే అక్కడ ఒకేలా వినబడుతుంది, కాబట్టి చెవి ఏ సాయమూ చేయలేదు. అలాంటప్పుడు ఆ మాట బంధువులను పలకరించాలన్నది నేను నేర్చుకున్న ఉపాయం. ‘డెఫినిషన్’లో ఊనిక సరిగ్గా అక్కడే పడి ఐ స్పష్టంగా వినబడుతుంది. ‘గ్రామర్’ అనే మాటనే చివర్లో ఎ బదులు ఇ పెట్టి తప్పు రాసేవారు చాలామంది, వాళ్లు ‘గ్రమాటికల్’ను తలచుకుంటే ఎ బయటపడుతుంది. ‘సెపరేట్’ మధ్యలో ఉన్న ఎ కూడా అలాంటిదే, ‘ప్రిపేర్’లో ఉన్న లాటిన్ ధాతువే అందులోనూ ఉంది. ‘అకామడేట్’లో మాత్రం రెండు సీలు, రెండు ఎమ్‌లు ఉంటాయని కంఠస్థం చేయడమే దారి. ఐ ముందా ఇ ముందా అన్న సూత్రానికి ‘సీజ్’, ‘వియర్డ్’, ‘సైన్స్’, ‘స్పీషీస్’ అంటూ మినహాయింపులే ఒక పటాలంలా తయారవుతాయి, అందుకే నేను ఆ సూత్రాన్ని ఎవరికీ నేర్పను.

ఇంగ్లీషు రాత ఇలా ఎందుకు తయారైందో తెలిస్తే తప్పు రాసినవారి మీద సగం కోపం పోతుంది. విలియం కాక్స్టన్ 1476లో ఇంగ్లండులో అచ్చు యంత్రం నెలకొల్పిన తర్వాత మాటల రూపాలు క్రమంగా గట్టిపడడం మొదలైంది. సరిగ్గా ఆ శతాబ్దాలలోనే ఇంగ్లీషు దీర్ఘాచ్చుల ఉచ్చారణ పెద్ద ఎత్తున మారిపోయింది. నోరు ముందుకు కదిలింది, రాత వెనక ఉండిపోయింది. యోధుడు అనే అర్థమున్న ‘నైట్’, మోకాలు అనే అర్థమున్న ‘నీ’ లాంటి మాటల ముందున్న కే ఒకప్పుడు అందరూ పలికినదే. వీటికి తోడు పండితులు చేసిన పని ఒకటుంది. ఫ్రెంచి నుంచి ‘డెట్’ అనే మాట బి లేకుండానే వచ్చింది, దాని లాటిన్ మూలంలో బి ఉందని గుర్తుచేయడానికి ఎవరూ పలకని ఆ అక్షరాన్ని మధ్యలో ఇరికించారు. ‘ఐలాండ్’లో ఎస్ కథ ఇంకా అన్యాయం. అది అసలు లాటిన్ మాటే కాదు, అచ్చమైన పాత ఇంగ్లీషు మాట. లాటిన్‌లో ద్వీపానికి ఉన్న పేరుతో దానికి చుట్టరికం ఉందని పొరబడి ఎస్ చేర్చారు. పండితుల పొరపాటు నేడు సరైన స్పెల్లింగుగా చలామణి అవుతోంది, దాన్ని మరిచిపోయిన పిల్లవాడిదేమో తప్పు అవుతోంది.

ఒక్క అక్షరం ఎంతకాలం నిలిచిపోతుందో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మనందరి ఫోన్లలోనే ఉంది. మనం ఒక పేజీలోని లింకు నొక్కి మరో పేజీకి వెళ్లినప్పుడు, ఎక్కడి నుంచి వచ్చామో తెలిపే ఒక సమాచారాన్ని బ్రౌజర్ పంపుతుంది. దాని పేరు ‘రెఫరర్’. ఇంగ్లీషు నియమం ప్రకారం చివరి అక్షరసముదాయం మీద ఊనిక ఉన్న క్రియకు అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం చేరితే చివరి హల్లు సాధారణంగా రెట్టిస్తుంది. అందుకే జరగడమనే అర్థమున్న ‘అకర్’ నుంచి వచ్చే ‘అకర్డ్’లో, ‘రెఫర్డ్’లో రెండు ఆర్‌లు ఉంటాయి, ఊనిక మొదట్లోనే ఉన్న ‘ఆఫర్’ నుంచి వచ్చే ‘ఆఫర్డ్’లో ఒకటే ఉంటుంది. ‘రెఫరర్’ మధ్యలో కూడా రెండు ఆర్‌లు ఉండాలి. దాన్ని ప్రతిపాదించినప్పుడు ఒక ఆర్ తగ్గింది, 1996లో వెలువడిన ప్రమాణపత్రంలోనూ అలాగే చేరింది. అప్పటికే ప్రోగ్రాములన్నీ ఆ తప్పుడు పేరునే వెతుకుతున్నాయి కనుక దాన్ని దిద్దడం అసాధ్యమైంది. తర్వాత దానికి సంబంధించి వచ్చిన మరో అంశానికి సరైన స్పెల్లింగు పెట్టారు, కాబట్టి నేడు తప్పు, ఒప్పు రెండూ పక్కపక్కనే ప్రయాణిస్తున్నాయి. అక్కడ ఆ తప్పే ఒప్పు. ఎవరైనా బుద్ధిగా దిద్దితే ప్రోగ్రాము పనిచేయదు.

అన్ని తప్పులూ ఇంత నిరపాయకరంగా ముగియవు. బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం 2009లో ‘టేలర్ అండ్ సన్’ అనే కంపెనీ మూతపడిందని నమోదు చేయబోయి, కార్డిఫ్‌లోని ‘టేలర్ అండ్ సన్స్’ అనే వేరే కంపెనీ పేరిట నమోదు చేసింది. తేడా చివర్లో ఒక్క ఎస్. తప్పును కొద్ది రోజుల్లోనే సరిచేసినా, అప్పటికే ఆ వార్త పరపతి సమాచార సంస్థలకు చేరిపోయింది. సరుకు ఇచ్చేవారు అరువు ఆపేశారు, శతాబ్దానికి పైగా నడిచిన ఆ సంస్థ కూలిపోయింది, 250 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆ కార్యాలయానిదే బాధ్యత అని 2015లో హైకోర్టు తేల్చింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక్క కామా మీద నడిచిన వ్యాజ్యం కూడా ఇలాంటిదే. పాడైపోయే ఆహారపదార్థాలకు సంబంధించిన ఏయే పనులకు ఓవర్‌టైమ్ చెల్లించనక్కర్లేదో చెప్పే చట్టం జాబితా చివర్లో ‘రవాణా కోసం ప్యాకింగ్ లేదా పంపిణీ’ అన్న అర్థం వచ్చే మాటలున్నాయి, ‘లేదా’కు ముందు కామా లేదు. రవాణా కోసమూ పంపిణీ కోసమూ చేసే ప్యాకింగ్ ఒక్కటే పనా, లేక ప్యాకింగ్ వేరు, పంపిణీ వేరా అన్నది ప్రశ్న. పంపిణీ చేసే డ్రైవర్లు ప్యాకింగ్ చేయరు. కామా లేకపోవడం వల్ల అర్థం అస్పష్టంగా ఉందంటూ 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు నిలిచింది, మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

ఇంత తీవ్రమైన తప్పులు ఉండగా, అసలు తప్పే కానివాటి మీద మనుషులు ఆవేశపడడం నన్ను ఎక్కువ బాధిస్తుంది. వాక్యం చివర్లో ‘ఇన్’, ‘ఆఫ్’ లాంటి ప్రిపోజిషన్ రాకూడదని చాలామంది గట్టిగా నమ్ముతారు. కవి జాన్ డ్రైడెన్ 1672లో తనకు ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాన్ని ఒకదాన్ని ఈ కారణంతో తప్పుపట్టాడు, ఆ అభిరుచి కాలక్రమాన సూత్రమై కూర్చుంది. ‘టు’కూ క్రియకూ మధ్య మరో మాట రాకూడదన్న నిషేధం 19వ శతాబ్దపు వ్యాకర్తల ద్వారా బలపడింది. లెక్కపెట్టగలిగేవాటికి ‘లెస్’ వాడకూడదు, ‘ఫ్యూయర్’ వాడాలన్న నియమమూ అంతే. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత ఆ మాటే తనకు బాగుంటుందనిపిస్తోందని మాత్రమే రాశాడు. అంతకు దాదాపు 900 ఏళ్ల ముందే ఆల్ఫ్రెడ్ రాజు లెక్కపెట్టగలిగేవాటికి ‘లెస్’ వాడాడు. ఒకే వ్యక్తిని ఉద్దేశించి ‘దే’ అనడం కొత్త వింత అని విసుక్కునేవారు, అది 14వ శతాబ్దం నుంచి ఇంగ్లీషులో ఉన్నదని గమనించాలి. నోవా వెబ్‌స్టర్ 1828 నిఘంటువు తర్వాత అమెరికాలో స్థిరపడిన ‘కలర్’, ‘సెంటర్’ స్పెల్లింగులను తప్పులుగా దిద్దేవారినీ నేను చూశాను. ఒకే పత్రంలో రెండు దేశాల రాతలూ కలిసిపోతే ఏదో ఒకటి ఎంచుకోమని చెప్పాలి, అంతకుమించి అందులో దోషం లేదు. వీటిలో ఏ ఒక్కటీ చదివేవాణ్ణి వెనక్కి నడిపించదు.

తప్పు చూసినప్పుడు మనలో లేచే చిరాకు తప్పు గురించే కాక మన గురించి కూడా చెబుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలీ బోలండ్, రాబిన్ క్వీన్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో వాటాకు మనిషి కావాలన్న ప్రకటనకు జవాబుగా వచ్చినట్టున్న ఉత్తరాలను 83 మంది చేత చదివించారు. కొన్నింటిలో టైపు తప్పులు, కొన్నింటిలో ‘ఇట్స్’ లాంటి తప్పులు చేర్చారు. తప్పులున్న ఉత్తరాలు రాసినవారికి సాధారణంగా తక్కువ మార్కులే పడ్డాయి. కలుపుగోలు స్వభావం తక్కువగా ఉన్నవారు వ్యాకరణ తప్పులకు ఎక్కువగా మార్కులు తగ్గించారు, నలుగురితో చొరవగా మెలిగేవారు తప్పులను ఎక్కువగా చూసీచూడనట్టు వదిలేశారు. ఇది చదివిన రోజు నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చి మనసు బరువెక్కింది. ఒక ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులు వడపోసే పని ఒకసారి నాకూ, నా పై అధికారికీ అప్పగించారు. ఒక అమ్మాయి ఉత్తరం మొదటి పేరాలోనే ‘డెఫినెట్లీ’లో ఎ ఉంది. “స్పెల్లింగ్ చూసుకోని మనిషి పనేం చూసుకుంటుందండీ?” అని ఆయన దాన్ని పక్కన పెట్టేశారు. నేను “అవునండీ” అన్నాను. ఆ ఉద్యోగానికి ఇంగ్లీషు రాయాల్సిన అవసరమే లేదు, లెక్కలు చూడాలి. మిగతా ఉత్తరమంతా పొందికగా, ఎక్కడా తడబాటు లేకుండా ఉందని ఇప్పటికీ నాకు గుర్తుంది. చదివి కూడా నోరు విప్పని తప్పు నాది.

అప్పటి నుంచి ఎవరి రాతనైనా దిద్దేటప్పుడు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. అడగనిదే ఎవరి తప్పునూ నలుగురిలో ఎత్తిచూపను. తప్పు అర్థాన్ని మారుస్తోందని అనిపిస్తే మాత్రం ఆ వ్యక్తికి విడిగా, వెంటనే చెబుతాను, ఎందుకంటే అలాంటిచోట మర్యాద పేరిట ఊరుకోవడం వాళ్లకు నష్టం. దిద్దుతూ రాసిన వ్యాఖ్యలో మరో తప్పు దొర్లడం పరిపాటి. ఆస్ట్రేలియా సంపాదకుడు జాన్ బ్యాంగ్‌సండ్ 1992లో దీనికొక సూత్రమే రాశాడు. కాబట్టి నా వ్యాఖ్యను నేనే మరోసారి చదువుకుని గానీ పంపను.

నా సొంత రాతను నేను దిద్దుకునే పద్ధతి కూడా ఆ ‘నాట్’, ‘నౌ’ ప్రకటన తర్వాతే మారింది. రాసిన వెంటనే చదివితే మనసులో ఉన్నదే కళ్ల ముందు కనబడుతుంది కనుక కనీసం ఒక రాత్రి గడవనిస్తాను. అక్షరాల సైజు, ఫాంటు మార్చి, వాక్యాల ఒరవడికి కొట్టుకుపోకుండా చివరి వాక్యం నుంచి మొదటికి వస్తూ బయటికి చదువుతాను. స్పెల్‌చెక్ పట్టుకోలేని జంటల పట్టీ ఒకటి బల్ల మీద అతికించుకున్నాను. ‘ఫ్రమ్’, ‘ఫారం’, ‘మేనేజర్’, ‘మేంజర్’, ‘లూజ్’ రెండు రూపాలు, అందరికంటే పైన ‘నాట్’, ‘నౌ’. పత్రం ఎంత పొడవైనదైనా సరే, పంపేముందు ఆ రెండు మాటలూ ఎక్కడెక్కడ ఉన్నాయో కంప్యూటర్‌తో వెతికించి, ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, ఆ వాక్యం ఔనంటోందా కాదంటోందా అని వేలు పెట్టి చూసుకుంటాను.